నక్షత్రాల తరుగు

తిరువూరు మెయిన్ రోడ్డు మీద బంగారం కొట్ల అద్దాలు మెరుస్తుంటాయి. వాటి వెనక ఓ సందుంది. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కుని దారివ్వాల్సిందే. ఆ సందులో పనివాళ్ళ గదులు, వాటిలో కుంపట్లు, ఆకురాళ్ళు, పొద్దుట్నుంచి సాయంత్రందాకా మెడ వంచుకుని కూర్చునే మనుషులు. ఆ గదుల్లో నేలమీద రాలిన దుమ్ముని ఊడ్చుకుపోయేవాడు సైఫుల్లా. ఊడ్చినందుకు అతనికి ఎవరూ కూలివ్వరు. అతనే ఎదురిచ్చి ఊడ్చుకుపోతాడు. ఊరంతా చెత్త పారేస్తుంటే, చెత్త కొనుక్కునే మనిషి తిరువూరులో అతనొక్కడే.

వినడానికి వింతగా ఉంటుంది గానీ సంగతి చాలా మామూలుది. నగని ఆకురాయితో రాస్తే పొడి రాలుతుంది. మెరుగు పెడితే రాలుతుంది. తీగ తెంపినప్పుడు ముక్క ఎగిరి ఏ మూలనో పడుతుంది. అది కంటికి కనపడదు, చీపురుకి దొరుకుతుంది. ఆ దుమ్ముని ఇంటికి తెచ్చి, కాల్చి, జల్లించి, గమేళాలో నీళ్ళు పోసి తిప్పుతూ కడగాలి. తేలికైనదంతా నీళ్ళతో కొట్టుకుపోతుంది. బరువైనది అడుగున కూర్చుంటుంది. దానికి పాదరసం పట్టించి, ఆ ముద్దని గుడ్డలో పిండి నిప్పు మీద పెడితే పాదరసం ఆవిరైపోయి చిటికెడు బంగారం మిగులుతుంది. ఆ చిటికెడుతో సైఫుల్లా, అతని తల్లి దౌలత్‌బీ బతుకుతున్నారు.

తండ్రి నబీ ఇదే పని ముప్పై ఏళ్ళు చేశాడు. చివరి నాలుగేళ్ళు ఆయన టీ గ్లాసు పట్టుకుంటే సగం టీ లుంగీ మీదే ఒలికేది. తాగుడు మరిగాడని ఊళ్ళో అన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషి, ఆ మాట వింటూనే పోయాడు. ఆయన పోయిన రెండేళ్ళకి, పాత పుస్తకాల బండి మీద దొరికిన డిగ్రీ కెమిస్ట్రీ పుస్తకంలో సైఫుల్లా పాదరసం ఆవిరి గురించి చదివాడు. చేతుల వణుకు, చిగుళ్ళ వాపు, ఊరికే కోపం, మతిమరుపు. ఒక్కో లక్షణం చదువుతుంటే ఎవరో నాన్న పక్కన కూర్చుని రాసినట్టుంది. పుస్తకం మూసేసి రెండు రోజులు కుంపటి వెలిగించలేదు. మూడో రోజు మళ్ళీ పాదరసం సీసా మూత తీశాడు. తీయక ఏం చేస్తాడు?

ఇంటర్ మొదటి ఏడాదిలో చదువు ఆగిపోయింది. చదవడం ఆగలేదు. లైబ్రరీలో పాత సైన్సు పత్రికలన్నీ అయిపోగొట్టాడు, ఫోన్లో పాఠాలు విన్నాడు, అర్థం కానిదాన్ని నాలుగుసార్లు విన్నాడు. మూలకాల పట్టికలో బంగారం నంబరు డెబ్బై తొమ్మిది, పాదరసం ఎనభై అని చూసినరోజు అతనికి నవ్వొచ్చింది. ఒకటి ఊరంతా మెడలో వేసుకునేది, ఇంకొకటి తన తండ్రిని తిన్నది. పక్కపక్క ఇళ్ళవాళ్ళు. ఒక్క ప్రోటాన్ తేడా.

అక్కణ్ణుంచి అతన్ని ఒకే ప్రశ్న పట్టుకుంది. అసలీ బంగారం ఎక్కడిది? గనిలోది అనేది జవాబు కాదు. గనిలోకి ఎట్లా వచ్చింది? చదవగా చదవగా తేలిందేమిటంటే, మొదట్లో విశ్వంలో బంగారం లేనేలేదు. ఇనుమూ లేదు, ఆక్సిజనూ లేదు. ఉన్నవల్లా రెండు తేలిక వాయువులు. మిగతాదంతా నక్షత్రాలు చచ్చి ఇచ్చిందే. అన్నిటికన్నా ముందు పుట్టిన నక్షత్రాలనైతే ఇంతవరకూ ఎవరూ కళ్ళారా చూడలేదు. భారీగా పుట్టి, భారీగా మండి, పేరన్నా లేకుండా పోయాయి. ఎవరో ఒళ్ళు కాల్చుకుని చేసింది ఇంకెవరి మెడలోనో మెరవడం ఈ సందులో పుట్టిందనుకున్నాడు సైఫుల్లా. అది సృష్టి మొదటినుంచీ ఉన్న పద్ధతేనని తెలిసి, ఊరట పడాలో ఉడుక్కోవాలో అర్థం కాలేదు.

దౌలత్‌బీకి ఈ గొడవ పట్టదు. "ఏరా సైఫూ, పొద్దస్తమానం ఆ చుక్కల పుస్తకాలేనా? వాటి ఇళ్ళల్లో పెళ్ళీడు పిల్లలెవరన్నా ఉంటే అడగరా. ఇక్కడ నీకు పిల్లనిచ్చేవాడు కనపట్టల్లేదు" అంటుంది. అతనికి ముప్పై ఒకటి.

"వాటికి పుట్టినవాళ్ళమే అమ్మీ మనమంతా."

"అయితే మరీ మంచిది. చుట్టరికం కలుస్తుంది, కట్నం అడగరు."

ఈ సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు గమేళా తిప్పుతుంటే కుడిచేతి చిటికెనవేలు దానంతటది కదిలింది. చలేమో అనుకున్నాడు. మర్నాడు ఎండలో కూర్చుని కడిగాడు. మళ్ళీ కదిలింది. తల్లికి చెప్పలేదు. ఆ సాయంత్రం లైబ్రరీలో రామమూర్తి మాస్టారికి చెప్పాడు.

రామమూర్తి ఊరి చివర ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాడు. మంచివాడే. మంచితనం ఎక్కువై గట్టిగా మాట్లాడలేని రకం. దినపత్రిక పక్కన పెట్టి, సైఫుల్లా వేలు పట్టుకుని చూశాడు. తర్వాత మెల్లిగా, "మా ల్యాబ్ అటెండర్ మార్చిలో వెళ్ళిపోతున్నాడయ్యా" అన్నాడు. "సీసాలు కడగడం, పరికరాలు సర్దడం, పిల్లలు ప్రయోగాలు చేస్తుంటే పక్కనుండడం. నీకు పండగ లాంటి పని."

"నాకు టెన్త్ సర్టిఫికెట్టే ఉంది సార్."

"అదే చిక్కు. మా కరస్పాండెంట్ హర్షవర్ధన్‌గారు కాగితాల మనిషి. కానీ చెవికి నచ్చితే కాగితం అడగడు, ఆ గుణం ఒకటుంది. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన సైన్సు డే చేస్తున్నాం. నువ్వో ఇరవై నిమిషాలు మాట్లాడు. నక్షత్రాలు, బంగారం, నువ్వు నాకు చెబుతావే, అదే. ఆయన వేదిక మీదే కూర్చుంటాడు. తర్వాత నే చూసుకుంటా."

సైఫుల్లాకి ఆ నెలంతా కాళ్ళు నేలమీద లేవు. పాదరసం ముట్టుకోనక్కర్లేని పని. చుట్టూ పుస్తకాలు, గాజు సీసాలు, అడిగితే చెప్పగలిగిన సంగతులు. ఏం చెప్పాలో రాసుకున్నాడు, కొట్టేశాడు, మళ్ళీ రాసుకున్నాడు. పెద్దపెద్ద మాటలన్నీ తీసేశాడు. ఊళ్ళో వాళ్ళకి తెలిసిన మాటల్లోనే చెప్పాలనుకున్నాడు. ముఖ్య అతిథిగా జగన్నాథరావు వస్తున్నాడని తెలిసినప్పుడు ధైర్యం ఇంకాస్త పెరిగింది. జగన్నాథరావు మెయిన్ రోడ్డులో అందరికన్నా పెద్ద బంగారం కొట్టు ఆసామి. స్కూలుకి బెంచీలు, మైకు సెట్టు ఇచ్చినవాడు. సైఫుల్లా కడిగే దుమ్ములో మూడొంతులు ఆయన పనిగదులదే. తండ్రి కాలంనుంచీ ఎరిగిన మనిషి పక్కనే ఉంటాడు కదా, తడబడితే తలూపుతాడు కదా అనుకున్నాడు.

ఇరవై ఎనిమిదిన పదకొండు గంటలకి షామియానా కింద మూడొందలమంది పిల్లలు. వేదిక మీద కుర్చీల్లో హర్షవర్ధన్, జగన్నాథరావు. పక్కగా టీచర్లు. సైఫుల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్లమీద ఓ గమేళా, నీళ్ళ బకెట్టు, చిన్న డబ్బాలో పిడికెడు దుమ్ము పెట్టుకుని నిలబడ్డాడు. మైకులో రామమూర్తి "శ్రీ సైఫుల్లాగారు" అన్నాడు.

"పిల్లలూ, మీ చెవులకున్న బంగారం ఎక్కడిది?"

"జగన్నాథరావుగారి కొట్లోది!" వెనక వరసలోంచి ఎవరో అరిచారు. అందరూ గొల్లుమన్నారు. అందరికన్నా ఎక్కువ జగన్నాథరావే నవ్వాడు.

"ఆ కొట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"బెజవాడ నుంచి!"

"బెజవాడకి?"

"దుబాయ్ నుంచి!"

"మరి దుబాయ్‌కి?"

ఈసారి ఎవరూ అరవలేదు. సైఫుల్లా గొంతు సవరించుకున్నాడు. మొదలుపెట్టాక తడబడలేదు. మొట్టమొదట హైడ్రోజన్, హీలియం, కంట్లో నలుసంత లిథియం తప్ప ఇంకేమీ లేదన్నాడు. కోట్ల ఏళ్ళు ఎక్కడా ఒక్క దీపం లేదు. ఆ వాయువు తన బరువుకి తానే ముద్దకట్టి, ముద్దలు వేడెక్కి, మొదటి నక్షత్రాలు వెలిగాయి. మన సూర్యుడు వాటి పక్కన బుడ్డిదీపం. "పెద్ద పొయ్యికి కట్టెలు తొందరగా అయిపోతాయా లేదా? మన సూర్యుడికి వెయ్యి కోట్ల ఏళ్ళ ఆయుష్షు. వాటికి ఇరవై, ముప్పై లక్షల ఏళ్ళే. ఆ కాస్త బతుకులో కడుపులో హైడ్రోజన్‌ని హీలియం చేశాయి, హీలియాన్ని కార్బన్ చేశాయి, కార్బన్‌నించి ఆక్సిజన్, అట్లా వండుకుంటూ వండుకుంటూ ఇనుముదాకా వచ్చాయి. ఇనుము దగ్గర పొయ్యి ఆరిపోతుంది. ఇనుముని ఎంత అతికినా వేడి రాదు. వేడి లేకపోతే పైబరువుని మోసేదెవరు? నక్షత్రం లోపలికి కూలిపోతుంది, కూలి పేలిపోతుంది. వండినదంతా ఆకాశంలోకి చిమ్ముతుంది."

"బంగారం?" ముందు వరసలో జడల పిల్ల అడిగింది.

"దానికి ఇంకా కష్టపడాలి తల్లీ. చచ్చిన నక్షత్రాల్లో కొన్నిటి బూడిద ఎంత చిక్కగా ఉంటుందంటే, చెంచాడు తీస్తే కొండంత బరువు. అలాంటివి రెండు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి గుద్దుకుంటాయి. ఆ గుద్దుడులో చిమ్ముతుంది బంగారం. చాలావరకు అట్లా పుట్టిందేనంటున్నారు. రెండువేల పదిహేడులో అలాంటి గుద్దుడు ఒకటి జరిగితే ఆ వెలుగుని శాస్త్రవేత్తలు పట్టుకున్నారు కూడా."

 తెలుగు చెప్పే సుధామయి టీచరు చేతిలోని విసనకర్ర ఆపేసి వింటోంది. హర్షవర్ధన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. రామమూర్తి ముఖం చూస్తే ఉద్యోగం ఆయనకే వచ్చినంత సంతోషంగా ఉంది. ఆ ముఖం చూసి సైఫుల్లాకి ఇంకాస్త ఊపొచ్చింది. ఊపులో, నెలరోజులుగా తను ఎంతో మెరుగు పెట్టుకున్న మాట దగ్గరికి వచ్చాడు.

"నగ చేయించుకుంటే తరుగని తీస్తారు కదా. అట్లాగే నక్షత్రం పోతే తరుగు ఎగురుతుంది. ఆ తరుగే ఈ భూమి. మన ఎముకల్లో సున్నం, నెత్తుట్లో ఇనుము, అంతా ఆ తరుగే. తరుగంటే పోయిందనుకుంటాం. ఏదీ ఎక్కడికీ పోదు, దుమ్ములో ఉంటుంది. ఇది నగల పనిగదిలో ఊడ్చిన దుమ్ము. చూడండి."

డబ్బాలో దుమ్ము గమేళాలో పోసి నీళ్ళు కొట్టాడు. తిప్పాడు, వంచాడు, మళ్ళీ తిప్పాడు. బొగ్గుపొడి పోయింది, ఇసక పోయింది. వేలు ఆరోజు మాట విన్నది. చివరికి గమేళా అడుగున గోటి అంచంత పచ్చటి చార మిగిలింది. దాన్ని ఎత్తి పిల్లలకి చూపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. "నక్షత్రం!" అని ఎవరో అరిచారు.

చప్పట్లు ఆగీ ఆగకముందే సుధామయి లేచి నిలబడింది. "ఒక్క నిమిషం సైఫుల్లాగారూ. ఇది ఎవరి పనిగదిలో దుమ్మండీ?"

సైఫుల్లా అలవాటుగా జగన్నాథరావు వంక చూశాడు. ఆ చూపే జవాబైపోయింది.

"జగన్నాథరావుగారూ, మరి మా అమ్మాయి గాజులకి పన్నెండు శాతం తరుగు తీశారు కదా! ఏమైందండీ అంటే కుంపట్లో ఆవిరైపోతుందమ్మా అన్నారు. ఆవిరి గమేళాలోకి వచ్చిందేంటి?"

ఆవిడ సగం హాస్యానికే అంది. కానీ పక్కనున్న లెక్కల టీచరుకి తన వంకీ గుర్తొచ్చింది. "మాకు పధ్నాలుగు తీశారు" అంది. డ్రిల్లు మాస్టారు పెళ్ళాం నల్లపూసలు గుర్తు చేసుకున్నాడు. నీళ్ళు తెచ్చే ఆయా కూడా బిందె దించి, "నా ముక్కుపుడకంత దానిక్కూడా తీశాడమ్మా" అంది. ఆ మాటకి పిల్లలు విరగబడి నవ్వారు.

జగన్నాథరావు ముఖాన నవ్వు అట్లాగే ఉంది, కళ్ళల్లో మాత్రం లేదు. "అమ్మా, ఇది సైన్సు. వ్యాపారం వేరు" అన్నాడు.

"సైన్సు డే కదండీ ఇవాళ!" అన్నారెవరో వెనకనుంచి.

హర్షవర్ధన్ మైకు లాక్కున్నంత పనిచేసి, సమయాభావం అని, వందన సమర్పణ అని, జనగణమన పాడించేశాడు. సైఫుల్లా చెప్పాల్సింది ఇంకా సగం ఉంది. లోహాలు దాదాపు లేని ముసలి నక్షత్రాల కోసం ఆకాశమంతా గాలిస్తున్నారని, అలాంటి ఒక్కటి దొరికితే దాని ఒంట్లోని చిటికెడు మసిని బట్టి మొదటివి ఎట్లా ఉండేవో ఊహిస్తున్నారని, అదీ తన పనీ ఒకటేనని చెప్పాలనుకున్నాడు. అన్నిటికన్నా ఇష్టంగా రాసుకున్న పేజీ అదే. అది జేబులోనే ఉండిపోయింది.

జనగణమన అయ్యాక టీచర్లు అతని చుట్టూ మూగారు. అతను ఒక్క క్షణం పొంగిపోయాడు. వాళ్ళు గాజులూ గొలుసులూ తీసి చేతిలో పెట్టడం మొదలుపెట్టారు. "ఇది నిజంగా ఇరవై రెండు క్యారెట్లేనా చూడండి." "ఇందులో రాగి ఎంత కలిపుంటాడు?" నక్షత్రాల గురించి ఒక్కరూ ఏమీ అడగలేదు.

మర్నాడు పదింటికి రామమూర్తి ఫోను చేశాడు. గొంతు ఎవరో పక్కనుండి పలికిస్తున్నట్టుంది. "మా సారుకి నీమీద కోపమేం లేదయ్యా. బాగా మాట్లాడాడనే అన్నారు. కాకపోతే పెద్దమనిషిని పిలిచి అట్లా జరిగిందని. నువ్వు ఆయనతో సర్దుకో. అది సర్దుకుంటే జూన్లో చేరొచ్చు, నేనున్నాను కదా."

"నేను తప్పేం చెప్పాను సార్?"

"తప్పొప్పుల సంగతి కాదయ్యా... సర్దుకో."

మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళాడు. గుమ్మం పక్కన మూడు గోనెసంచులు నిలబెట్టి ఉన్నాయి. తను ఊడ్చి పోగేసిన ఏడాది దుమ్ము. డబ్బిచ్చి వచ్చే వారం తీసుకెళ్ళాల్సినవే. జగన్నాథరావు లోపలి గదిలోకి పిలిచి, ఫ్యాను వేసి, కూర్చోమన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన కూర్చోమనడం అదే మొదలు.

"ఒరే సైఫూ, మీ నాన్న ముప్పై ఏళ్ళు నా గదులు ఊడ్చాడు. ఏనాడన్నా ఒక్క మాట బయట అన్నాడా?"

"నేను అబద్ధం ఏం చెప్పలేదు షావుకారుగారూ."

"చెప్పావని ఎవడన్నాడ్రా? నిజం చెప్పమని నిన్నెవడు అడిగాడని! నిన్నటినుంచీ కొట్లోకి వచ్చిన ప్రతివాడూ తరుగు తరుగని చంపుతున్నాడు. గంపలగూడెంనుంచి ఒకాయన ఆటో కట్టించుకుని మరీ వచ్చాడు, పదేళ్ళ కిందటి రసీదు పట్టుకుని." ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "చూడు. నేను నీ కడుపు కొట్టను. నువ్వో మాట చెప్పు చాలు. ఆ బంగారం ఇంటినుంచి తెచ్చి దుమ్ములో కలిపానని చెప్పు. పిల్లలకి కనపడాలి కదా, అందుకని. తప్పేముంది? మేజిక్ చేసేవాళ్ళు చెయ్యరా? మూడింటికి మీ స్కూలాయన వస్తున్నాడు, ఆ టీచరమ్మనీ తీసుకొస్తున్నాడు. వాళ్ళ ముందు ఒక్కసారి అనేసి సంచులు ఎత్తుకుపో."

"అననంటే?"

"అనకపోతే ఇందులో బంగారం లేదని నేను రుజువు చేసుకోవాలి కదరా. మూడు సంచులూ చెత్తబండిలో పోయిస్తా, అందరూ చూస్తుండగా. బంగారం ఉంటే ఎవడన్నా పారబోస్తాడా? రేపట్నుంచి గదులు కడిగించేస్తా. దుమ్మే ఉండదు."

ఆయన ఆ మాట కోపంగా అనలేదు. దుకాణంలో బేరం చెప్పినట్టే చెప్పాడు. సైఫుల్లా లేచి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. విజయవాడ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆలోచించాడు. నిజానికి ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. దుమ్ము పోతే తల్లికి కూడు లేదు. సర్దుకోకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే మళ్ళీ పాదరసం, ఆ వేలు పక్కన ఇంకో వేలు. ఇటు చూస్తే ఒక్క మాట. తను కలిపానని అన్నంత మాత్రాన దుమ్ములో బంగారం లేకుండా పోతుందా? నక్షత్రాలు వెనక్కి నడుస్తాయా? ఎవరు ఏమన్నా జరిగింది జరిగిందే కదా. అట్లా తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. చదువుకున్నవాడికి అబద్ధం చెప్పడానికి కూడా మంచి మంచి కారణాలు దొరుకుతాయి.

మూడింటికి హర్షవర్ధన్ కారు ఆగింది. వెనక సీట్లోంచి రామమూర్తి, సుధామయి దిగారు. కొట్లో అప్పటికే అయిదారుగురు బేరగాళ్ళున్నారు. జగన్నాథరావు అందరికీ కూల్ డ్రింకులు తెప్పించి, "ఏదోలెండి, కుర్రాడు ఉత్సాహపడ్డాడు. వాడి నోటితోనే వినండి" అన్నాడు.

సైఫుల్లా గాజు అల్మరాలో వరసగా వేలాడుతున్న నెక్లెసుల్ని చూస్తూ అన్నాడు. "ఆ బంగారం నేను ఇంటినుంచి తెచ్చి కలిపానండి. దుమ్ములో అంత ఉండదు. పిల్లలకి కనపడాలని కలిపాను."

బేరగాళ్ళలో ఒకాయన "హమ్మా!" అన్నాడు. ఇంకొకాయన, మొన్నే గొలుసు చేయించుకున్నవాడు, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. తను మోసపోలేదన్నమాట. ఆ కొట్లో ఉన్నవాళ్ళలో సగంమందికి అది అబద్ధమని తెలుసు. నమ్మడం అందరికీ తేలికగా ఉంది, అందుకని నమ్మారు.

"చూశారా అమ్మా" అన్నాడు జగన్నాథరావు సుధామయితో. "అయినా మీరు మా ఇంటి ఆడపడుచు లాంటివారు. ఈసారి వచ్చినప్పుడు తరుగు సంగతి నేను చూసుకుంటాను."

హర్షవర్ధన్ గ్లాసు బల్లమీద పెట్టాడు. ముఖం గంభీరంగా పెట్టుకున్నాడు. "ఏమయ్యా, అంటే మూడొందలమంది పిల్లల ముందు మోసం చేశావన్నమాట. అదీ సైన్సు డే నాడు."

సైఫుల్లా రామమూర్తి వంక చూశాడు. రామమూర్తి తన కాళ్ళ వంక చూసుకుంటున్నాడు.

"ల్యాబ్‌లో పెట్టమని మాస్టారు నీ గురించి అడిగారు. నేనూ సరేననుకున్నాను. కలిపి చూపించేవాణ్ణి ల్యాబ్‌లో ఎట్లా పెట్టుకుంటామయ్యా? నువ్వే చెప్పు" అన్నాడు హర్షవర్ధన్. జవాబు కోసం ఆగలేదు. జగన్నాథరావుకి నమస్కారం పెట్టి కారెక్కాడు. రామమూర్తి ఏదో అనబోయి, "తర్వాత కలుస్తానయ్యా" అని గబగబా వెనకే వెళ్ళాడు.

సుధామయి వెళ్ళలేదు. స్టాండ్ మీద వదిలిన చెప్పుల దగ్గర నిలబడి సైఫుల్లానే చూస్తోంది.

"నేనివాళ పొద్దున ఎనిమిదో తరగతికి చెప్పానండీ" అంది. "పాఠం పక్కనబెట్టి మరీ చెప్పాను. మొదటి నక్షత్రాలు, అవి పోతే మిగిలినదే మనమని. పిల్లలు బెల్లు కొట్టినా లేవలేదు. ఒకమ్మాయి ఇంటికెళ్ళి మా తాతకి చెబుతానంది. ఇప్పుడు వాళ్ళకి నేనేం చెప్పను? అది కూడా మీరు కలిపిందేనా?"

కొట్లో అందరూ వింటున్నారు. జగన్నాథరావు లెక్క రాసుకుంటున్నట్టు తల వంచుకున్నా, పెన్ను కదలడం లేదు.  సైఫుల్లా పుస్తకాల పేర్లు చెప్పాలనుకున్నాడు. ఇంట్లో నోట్సు ఉంది, తెచ్చి చూపిస్తాననాలనుకున్నాడు. ఇవేవీ నోటికి రాలేదు.

"లేదండీ. అది నిజం" అన్నాడు. "ఒట్టు. అది మాత్రం నిజం టీచరుగారూ."

ఆవిడ కాసేపు అతని ముఖం చూసింది. కోపం లేదు, వెటకారం కూడా లేదు.

"నిన్న కూడా ఇలాగే చెప్పారండీ" అంది. చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.